ఎయిర్ బాక్స్ పీకేస్తే జెట్టు ఎందుకు మార్చాలి?

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో నేను బండి చూపించుకునే మెకానిక్ బాబాయ్ ఒకరోజు నా 150 సీసీ బండి ఎయిర్ బాక్స్ (గాలి ఫిల్టర్ ఉండే డబ్బా) రబ్బరు గొట్టం వదులుచేసి, గాలిలో పెట్రోలు కలిపే కార్బొరేటర్ మూతి బయటికి కనబడేలా పెట్టాడు. ఇగ్నిషన్ ఆపేసే ఉంది. ఆ మూతికి తన అరచేతిని గట్టిగా అడ్డం పెట్టి, "యాక్సిలేటర్ మొత్తం తిప్పి నాలుగు కిక్కులు కొట్టు బాబూ" అన్నాడు. కొట్టాను. చెయ్యి తీసి నా ముందు చాపాడు. అరచేతి మధ్యలో రూపాయి బిళ్లంత మేర పెట్రోలుతో తడిసి మెరుస్తోంది.

"గాలి రానీకపోతే ఏటి సేసింది? పెట్రోలు లాగీసింది. నువ్వా డబ్బా పీకీసావంటే ఈ లాగుడు తగ్గిపోద్ది. అప్పుడు పెద్ద జెట్టు అడుగుతాది" అన్నాడు. జెట్టు అంటే కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే, సన్నని రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క.

ఆ తడి చెయ్యి చూసేదాకా నా లెక్క వేరే ఉండేది. ఎయిర్ బాక్స్ తీసేస్తే గాలి ఎక్కువ వస్తుంది, ఎక్కువ గాలికి ఎక్కువ పెట్రోలు కావాలి, అందుకే పెద్ద జెట్టు వెయ్యాలి అనుకునేవాణ్ణి. బైకుల గురించి మాట్లాడుకునే చోటల్లా ఇదే మాట వినిపిస్తుంది. వినడానికి సబబుగానే ఉంటుంది కానీ, ఒక్క ప్రశ్న వేస్తే నిలబడదు. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్‌లో ఉన్న ఇంజను పీల్చే గాలికీ, అదే ఇంజను ఆనందపురం దాటాక హైవే మీద ఫుల్ రేజ్‌లో పీల్చే గాలికీ ఎన్నో రెట్లు తేడా ఉంటుంది. మధ్యలో ఎవరూ దిగి జెట్టు మార్చరు. గాలి పెరిగితే దానికి తగ్గట్టు పెట్రోలు తనంతట తానే పెంచుకోవడమే కార్బొరేటర్ ఉద్యోగం. మరి బాక్స్ తీసినప్పుడు మాత్రం ఆ ఉద్యోగం ఎందుకు చెయ్యలేకపోతోంది?

వెనకటి ఇళ్లలో దోమలకు కొట్టే ఫ్లిట్ పంపు చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పిడి తోస్తే గాలి సన్నని గొట్టం కొన మీదుగా వేగంగా పోతుంది. వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుంది. కింద డబ్బాలో ఉన్న మందు మీద మాత్రం మామూలు వాతావరణ ఒత్తిడే ఉంటుంది. ఆ రెండింటి తేడా మందును గొట్టంలోకి ఎక్కించి తుంపరగా చిమ్ముతుంది. కార్బొరేటర్‌లో మందు డబ్బా స్థానంలో ఫ్లోట్ గిన్నె ఉంటుంది. గొట్టం కొన స్థానంలో వెంచురీ అనే సన్నని మెడ ఉంటుంది. గిన్నెకు ఒక చిన్న పైపు ద్వారా బయటి గాలి ఒత్తిడి ఎప్పుడూ తగులుతూ ఉంటుంది. పెట్రోలును ఇంజను పీలుస్తుంది అంటాం గానీ, నిజానికి దాన్ని వెనకనుంచి తోసేది బయటి గాలే.

ఇప్పుడు ఎయిర్ బాక్స్ సంగతి చూద్దాం. ఫిల్టర్, దానికి ముందుండే సన్నని మూతి గొట్టం (స్నార్కెల్ అంటారు), డబ్బా గోడలు, ఇవన్నీ కలిసి గాలికి కాస్త అడ్డుపడతాయి. కాబట్టి గాలి కార్బొరేటర్ మెడదాకా రాకముందే దాని ఒత్తిడి కొంచెం పడిపోయి ఉంటుంది. మెడలో వేగం వల్ల ఇంకొంత పడుతుంది. ఫ్లోట్ గిన్నెకు ఈ రెండు తగ్గుదలలూ వేరువేరుగా తెలియవు, కలిపి ఒకటే తేడాగా తెలుస్తాయి. బాబాయ్ అరచేయి గాలిని పూర్తిగా ఆపింది, ఎయిర్ బాక్స్ కొద్దిగా ఆపుతుంది. పని మాత్రం ఒకటే. పాత కార్బొరేటర్లలో మూతికి అడ్డంగా తిరిగే ఛోక్ రేకు చేసేదీ అదే పని. కంపెనీవాళ్లు జెట్టు సైజు ఖాయం చేసేటప్పుడు ఈ అడ్డును కూడా లెక్కలో వేసుకునే చేస్తారు. అందుకే ఎయిర్ బాక్స్‌ను కార్బొరేటర్ నుంచి విడదీసి చూడడం నేను మానేశాను. అది కార్బొరేటర్‌లో ఇత్తడి కాని భాగం, అంతే.

అంకెల్లో చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. ఫుల్ థ్రాటిల్‌లో మెడ వేగం వల్ల వచ్చే ఒత్తిడి తేడా 100 అనుకుందాం, బాక్స్ అడ్డు వల్ల వచ్చేది 10 అనుకుందాం. ఇవి ఉదాహరణ కోసం నేను తీసుకున్న అంకెలే. మొత్తం 110. జెట్టు గుండా పోయే పెట్రోలు ఈ తేడాకు వర్గమూలం చొప్పున మారుతుంది. బాక్స్ పీకేస్తే 110 కాస్తా 100 అవుతుంది, పెట్రోలు సుమారు 4.7 శాతం తగ్గుతుంది. గాలి తగ్గలేదు, ఇంకాస్త పెరిగింది కూడా. మిశ్రమంలో పెట్రోలు పలచబడింది. దాన్నే లీన్ అంటాం.

ఈ లోటు తీర్చడానికి ఎంత పెద్ద జెట్టు కావాలి? కీహిన్ కంపెనీ మెయిన్ జెట్టు (ఫుల్ థ్రాటిల్‌లో పెట్రోలు ఇచ్చేది) మీద 110 అని ఉంటే దాని రంధ్రం 1.10 మిల్లీమీటర్లు అని అర్థం. తర్వాతి సైజు 112.5. రంధ్రం వైశాల్యం వ్యాసానికి వర్గం చొప్పున పెరుగుతుంది కాబట్టి 110 నుంచి 112.5కి వెళ్తే వైశాల్యం సుమారు 4.6 శాతం పెరుగుతుంది. పైన పోయిన 4.7 శాతం దాదాపు అలాగే తిరిగొచ్చేసింది. అంటే ఒక్క సైజు. చాలామంది 110 తీసేసి ఏకంగా 125 వేయించుకుంటారు. అది 29 శాతం పెంపు. అంత అవసరం మామూలు బండికి ఎక్కణ్ణుంచీ రాదు.

సైజుల విషయంలో ఇంకో రెండు ముక్కలు చెప్పాలి. మికుని కంపెనీ షడ్భుజి తల మెయిన్ జెట్ల మీది అంకె వ్యాసం కాదు, నిర్ణీత పరీక్షలో దాని గుండా పారే ద్రవం కొలత. కాబట్టి కీహిన్ 110, మికుని 110 ఒకటి కావు. ఆ పోలిక పెట్టుకుని కొన్న జెట్టు అక్కరకు రాదు. రెండోది ఇంకా ముఖ్యం. ఒక సైజుకూ ఇంకో సైజుకూ మధ్య తేడా 0.025 మిల్లీమీటర్లు. తల వెంట్రుక మందంలో మూడో వంతు. జెట్టు మూసుకుపోయిందని అందులో క్లచ్ వైరు పోగు పెట్టి అటూఇటూ రాపాడించేవాళ్లను చాలా షెడ్లలో చూశాను. ఇత్తడి మెత్తని లోహం. ఆ రాపిడితో జెట్టు సైజే మారిపోవచ్చు, మీద అంకె మాత్రం అలాగే ఉంటుంది. జెట్టును క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టించండి, లోపల తీగ మాత్రం పెట్టనివ్వకండి.

ఇంతకీ పెట్రోలుకూ గాలికీ నిష్పత్తి ఎంత ఉండాలి? ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. కానీ ఇంజను ఎక్కువ బలం చూపించేది దానికంటే కాస్త చిక్కగా, 12.5 నుంచి 13 దగ్గర. మైలేజీ బాగా వచ్చేది ఇంకాస్త పలచగా ఉన్నప్పుడు. జెట్టింగ్ అంటే ఈ హద్దుల మధ్య, ఏ థ్రాటిల్‌లో ఏది కావాలో చూసి అక్కడ నిలబెట్టడం. జెట్టు బలాన్ని పుట్టించదు. సరైన జెట్టును తీసి ఇంకా పెద్దది వేస్తే బలం తగ్గుతుంది.

డబ్బాకు రెండో పని కూడా ఉంది. 150 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజను 8,500 ఆర్పీఎం తిరిగేటప్పుడు రెండు చుట్లకు ఒకసారి గాలి మింగుతుంది. అంటే సెకనుకు దాదాపు 70 గుక్కలు. మొత్తం మీద సెకనుకు సుమారు తొమ్మిది లీటర్ల గాలి. అది కూడా సమంగా పారే గాలి కాదు. ఒక్కో గుక్క నాలుగైదు మిల్లీసెకన్లలో అయిపోతుంది, మిగతా సమయమంతా వాల్వు మూసే ఉంటుంది. వాల్వు తెరుచుకున్న క్షణంలో ఇంజను సగటు కంటే రెండుమూడు రెట్ల ఉరవడితో లాగుతుంది. ఆ గుక్క పక్కనే ఉన్న డబ్బాలోంచి వెళ్తుంది. వాల్వు మూసి ఉన్నంతసేపూ స్నార్కెల్ గుండా డబ్బా మళ్లీ నిండుతుంది. మేడ మీద నీళ్ల ట్యాంకు చేసే పనే ఇది. మునిసిపాలిటీ కుళాయి సన్నగా వచ్చినా, స్నానానికి కుళాయి తిప్పేసరికి ధార వస్తుంది. కాబట్టి స్నార్కెల్ మూతి సన్నగా కనిపించినంత మాత్రాన అది ఇంజను గొంతు నులుముతోందని అనుకోకూడదు.

పైగా ఆ డబ్బా, మూతి కలిపి ఖాళీ సీసాలాంటివి. సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరంలో మోగుతుంది కదా, అలాగే ఈ డబ్బాలో గాలి ఒక నిర్ణీత వేగం దగ్గర ఊగుతుంది. ఆ ఊపు ఇంజను గుక్కతో కలిసొచ్చే ఆర్పీఎంలో సిలిండర్ బాగా నిండుతుంది. రోజూ నడిపే బండికి దీన్ని సాధారణంగా మధ్య ఆర్పీఎంలో కలిసొచ్చేలా పెడతారు. డబ్బాకు బెజ్జాలు కొడితే ఈ శ్రుతి పోతుంది. పైన ఆర్పీఎంలో కాస్త తేరుకున్నా, సింహాచలం ఘాట్ మలుపులో మూడో గేరులో లాగాల్సిన చోట బండి నీరసపడుతుంది. పైగా బెజ్జాలు కొట్టాక సీటు కింద నుంచి ఇంజను గాలి పీల్చే చప్పుడు గట్టిగా వినిపిస్తుంది. ఆ చప్పుడుకు బండి ఎగిరి దూకుతున్నట్టు అనిపిస్తుంది. అనిపించడం వేరు, లాగడం వేరు. స్టాప్‌వాచ్ పెట్టి చూసుకుంటేనే తెలుస్తుంది.

నాకు పట్టుబడడానికి చాలాకాలం పట్టిన సంగతి ఇంకొకటుంది. థ్రాటిల్ గ్రిప్ మీద తెల్ల టేపు అంటించి పావు, అర, ముప్పావు, ఫుల్ అని పెన్నుతో గీతలు గీశాను. పక్కన కదలని భాగం మీద ఒక గీత. అలా వారం రోజులు గాజువాక నుంచి జగదాంబ సెంటర్‌కు ఆఫీసుకు తిరిగాను. కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీల వెనక, కంచరపాలెంలో ఆటోల మధ్య, ఎక్కడ చూసినా నా చెయ్యి పావు గీత అటూఇటూనే ఉంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మాత్రం అర దాటింది. ముప్పావు దాటిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇది ఎందుకు ముఖ్యమంటే, మెయిన్ జెట్టు పెత్తనం అంతా ముప్పావు థ్రాటిల్ పైనే. మూసి ఉన్నప్పటినుంచి ఎనిమిదో వంతు దాకా స్లో జెట్టు, దాని స్క్రూ నడిపిస్తాయి. అక్కణ్ణుంచి పావు దాకా స్లైడ్ (మెడలో పైకీ కిందికీ కదిలే దిమ్మె) కింది అంచు కోత ప్రభావం. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్ (స్లైడ్‌కు వేలాడే సూది), దాని క్లిప్పు ఏ గాడిలో ఉందన్నదే లెక్క. ఇవి ఒకదాని మీదికి ఇంకొకటి ఒరుసుకుంటాయి, గీత గీసినట్టు విడిపోవు. అయినా చెప్పదలుచుకున్నది ఏమిటంటే, ఊళ్లో తిరిగే బండికి పికప్ లేదని మెయిన్ జెట్టు మార్చడం, కాలు నొప్పికి చేతికి కట్టు కట్టినట్టు ఉంటుంది. పావు థ్రాటిల్‌లో జంకుతుంటే నీడిల్ క్లిప్పు ఒక గాడి కిందికి దించాలి. అప్పుడు నీడిల్ పైకి లేచి పెట్రోలు ఎక్కువ వస్తుంది. కొన్ని బళ్ల నీడిల్‌కు గాళ్లే ఉండవు, కంపెనీ ఒకే చోట బిగించి ఇస్తుంది. అలాంటివాళ్లు కింద సన్నని వాషర్ పెట్టి లేపుతారు.

స్లో స్క్రూ విషయంలో పెద్ద గందరగోళం ఉంది. ఒకరు "బయటికి తిప్పితే పెట్రోలు ఎక్కువ" అంటారు, ఇంకొకరు "గాలి ఎక్కువ" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వాళ్ల బళ్లు వేరు. స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని నడిపే స్క్రూ, బయటికి తిప్పితే లీన్. ఇంజను వైపు ఉంటే అది మిశ్రమాన్ని నడిపేది, బయటికి తిప్పితే రిచ్, అంటే పెట్రోలు ఎక్కువ. తిప్పే ముందు మెల్లగా లోపలికి మూసి, ఎన్ని చుట్లు పట్టిందో కాగితం మీద రాసుకోండి.

ఇప్పటిదాకా చెప్పింది మామూలు స్లైడ్ కార్బొరేటర్‌కు సూటిగా వర్తిస్తుంది. పాత ఆర్ఎక్స్ 100 లాంటి వాటిలో కేబుల్ నేరుగా స్లైడ్‌ను లేపుతుంది. కానీ 2000 తర్వాత వచ్చిన చాలా 150, 180, 220 సీసీ బళ్లలో ఉండేది సీవీ కార్బొరేటర్. అందులో కేబుల్ ఒక రేకును మాత్రమే తిప్పుతుంది. స్లైడ్‌ను లేపేది పలచని రబ్బరు డయాఫ్రమ్. దాని పైన ఇంజను లాగే తక్కువ ఒత్తిడి, కింద ఫిల్టర్ వైపు నుంచి వచ్చే ఒత్తిడి. రెండింటి తేడా స్లైడ్‌ను ఎత్తుతుంది. అంటే ఇక్కడ ఎయిర్ బాక్స్ పెట్రోలునే కాదు, స్లైడ్ ఎంత లేవాలన్నదీ తేలుస్తోంది. కార్బొరేటర్ మూతి అంచులో, సాధారణంగా ఒక పక్కన, చిన్న బెజ్జం కనిపిస్తుంది. డయాఫ్రమ్ కిందికి గాలి వెళ్లేది దాని గుండానే. నా బండి కథలో ఆ బెజ్జానిది పెద్ద పాత్ర.

కొన్నేళ్ల కిందట ఊళ్లో ఒక దుకాణంలో కోన్ ఆకారం పాడ్ ఫిల్టర్ కొన్నాను. ఎయిర్ బాక్స్ మొత్తం తీసేసి దాన్ని నేరుగా కార్బొరేటర్‌కు బిగించారు. రెండు సైజులు పెద్ద మెయిన్ జెట్టు కూడా వేశారు. చప్పుడు బ్రహ్మాండంగా ఉంది. మర్నాడు రుషికొండ దాటి భీమిలి వైపు వెళ్తుంటే పావు నుంచి అర థ్రాటిల్ మధ్య బండి తడబడింది, ముందుకు వెనక్కు ఊగింది. ప్లగ్గు తీసి చూస్తే తెల్లగా, సున్నం రాసినట్టు ఉంది. లీన్ అన్నారు, ఇంకో సైజు పెంచారు. ఈసారి ఫుల్‌లో నల్ల పొగ, పావులో అదే తడబాటు. మూడు వారాలు అలాగే తిరిగాను, ఆ ఎండల్లో ఇంజను కాగిపోయి పెట్రోలు ట్యాంకు పక్కన మోకాళ్లకు సెగ తగిలేది.

చివరికి ఆటోనగర్ తీసుకెళ్లాను. బాబాయ్ పాడ్ ఊడదీసి, దాని రబ్బరు కాలరును నా కళ్ల ముందు పెట్టాడు. కార్బొరేటర్ మూతి ముద్ర దాని మీద స్పష్టంగా పడి ఉంది. మూతి అంచులోని బెజ్జం ఉండే చోటు సరిగ్గా రబ్బరు కిందికి వచ్చింది. డయాఫ్రమ్‌కు గాలి అందడం లేదు. స్లైడ్ లేవాల్సినంత లేవడం లేదు. ఇంక ఏ జెట్టు మారిస్తే ఏం లాభం?

అక్కడితో అయిపోలేదు. ఇంజనుకూ కార్బొరేటర్‌కూ మధ్య ఉండే రబ్బరు మానిఫోల్డ్ చుట్టూ, బండి స్లోలో తిరుగుతుండగా, సూది తీసేసిన సిరంజితో నీళ్లు చిమ్మాడు. ఒకచోట నీళ్లు తగలగానే ఇంజను చప్పుడు మారింది. ఊడదీసి ఆ రబ్బరును రెండు వేళ్ల మధ్య వంచాడు. మామూలుగా ఉంచితే ఏమీ కనిపించదు. వంచితే గోరంత పగులు నోరు తెరిచింది. ఇంజను వేడికి ఏళ్ల తరబడి ఉడికి పెళుసెక్కిన రబ్బరు అది. ఫిల్టర్‌తో, జెట్టుతో సంబంధం లేకుండా దొంగగాలి అక్కణ్ణుంచి వస్తూనే ఉంది. బండికి పికప్ తగ్గిందని నేను మోడిఫికేషన్ మొదలుపెట్టిందే ఆ పగులు వల్లనేమో అనిపించింది. రబ్బరు కొత్తది వేసి, ఎయిర్ బాక్స్ తిరిగి పెట్టి, 110 జెట్టు వేసి నడిపితే, ఏడాదిగా లేని లాగుడు ఆ సాయంత్రం తిరిగొచ్చింది.

అందుకే ఎవరడిగినా ముందు ఇదే చెబుతాను. మోడిఫికేషన్ ఆలోచన వస్తే, ముందు బండిని కంపెనీ ఇచ్చిన స్థితికి తీసుకురండి. కొత్త ఫిల్టర్, పగుళ్లు లేని మానిఫోల్డ్, చిరుగు లేని డయాఫ్రమ్, సరైన ఫ్లోట్ ఎత్తు, సరైన వాల్వు గ్యాప్. చాలామందికి కావలసిన పికప్ అక్కడే దొరికేస్తుంది.

ఎంత లాభం మిగిలి ఉందో ఇంట్లోనే కొలుచుకునే మార్గం ఒకటుంది. తాపీమేస్త్రీలు లెవెల్ చూసే పారదర్శకమైన నీళ్ల పైపు ముక్కను యూ ఆకారంలో వంచి, సగం దాకా రంగు నీళ్లు పోసి, ఒక కొనను ఎయిర్ బాక్స్‌లో ఫిల్టర్ తర్వాతి భాగానికి కలపాలి. ఇంకో కొన బయటి గాలికి వదిలెయ్యాలి. నీళ్లు గుక్కగుక్కకూ ఊగకుండా పైపును మధ్యలో క్లిప్పుతో కాస్త నొక్కి ఉంచాలి. నా స్నేహితుడు నడిపితే నేను వెనక కూర్చుని చూశాను. రెండు వైపుల నీళ్ల మట్టాల మధ్య 10 సెంటీమీటర్ల తేడా వచ్చిందంటే, ఒత్తిడి నష్టం వాతావరణ ఒత్తిడిలో ఒక శాతం. ఆ అడ్డు మొత్తం తీసేసినా ఇంజను బలం పెరిగేది దాదాపు ఆ శాతమే. 14 బీహెచ్‌పీ బండికి ఒక శాతం అంటే ఎంతో లెక్క వేసుకోండి. మా కొలతలో మురికి పట్టిన ఫిల్టర్‌కూ కొత్త ఫిల్టర్‌కూ మధ్య వచ్చిన తేడా, స్నార్కెల్ తీసినప్పుడు వచ్చిన తేడా కంటే ఎక్కువ. ఆ తర్వాత డబ్బాకు బెజ్జాలు కొట్టాలన్న కోరిక నాకు మళ్లీ పుట్టలేదు.

అయితే ఎయిర్ బాక్స్ ముట్టుకోని వాళ్లకు కూడా ఇవాళ జెట్టింగ్ గురించి ఆలోచించాల్సిన కారణం ఒకటి వచ్చింది. అది పెట్రోలే. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది, ఒక గ్రాము మండడానికి 9 గ్రాముల గాలి సరిపోతుంది. లెక్క వేస్తే ఈ20కి కావలసిన నిష్పత్తి 13.5 దగ్గరికి వస్తుంది. కార్బొరేటర్‌కు ఈ సంగతి తెలియదు, అది ఎప్పటిలాగే 14.7 లెక్కలో కొలిచి పోస్తుంది. ఫలితంగా ఒట్టి పెట్రోలుకు జెట్టు పెట్టిన పాత బండి ఇప్పుడు సుమారు ఎనిమిది శాతం లీన్‌గా నడుస్తోంది. ఫుల్ థ్రాటిల్‌లో కంపెనీ కాస్త రిచ్‌గానే పెడుతుంది కాబట్టి అక్కడ చాలావరకు సర్దుకుంటుంది. మొదటినుంచీ లీన్‌గా ఉండే స్లోలో, పావు థ్రాటిల్‌లో తేడా తెలుస్తుంది. పొద్దున్నే స్టార్ట్ కాకపోవడం, వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపమనడం ఇందువల్ల కావచ్చు. స్లో స్క్రూ అరచుట్టు, నీడిల్ ఒక గాడి, చాలా బళ్లకు ఇది చాలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా. మన ఊరి తేమకు, బండి నెలల తరబడి ఆపేస్తే ఫ్లోట్ గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. ఊరెళ్లేటప్పుడు గిన్నె కింది స్క్రూ విప్పి ఖాళీ చేసి వెళ్లడం మంచిది. 2020 ఏప్రిల్ తర్వాత బీఎస్-6తో వచ్చిన బళ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి. వాటి లెక్క వేరు, అక్కడ జెట్టు అనేదే ఉండదు.

తేమ అన్నాను కదా. మే నెలలో ఉక్కపోసే సాయంత్రం బీచ్ రోడ్డు మీద మనం పీల్చే గాలిలో సుమారు నాలుగు శాతం నీటి ఆవిరే. ఆ మేరకు ఆక్సిజన్ తక్కువ. కార్బొరేటర్ ఆవిరిని కూడా గాలిగానే లెక్కేసి పెట్రోలు పోస్తుంది, మిశ్రమం కాస్త రిచ్ అవుతుంది. డిసెంబరు పొడిగాలిలో అదే బండి చురుగ్గా ఉండడానికి ఇదొక కారణం.

ఇక అరకు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే బండి నీరసపడుతుంది, జెట్టు మార్చాలా అని చాలామంది అడుగుతారు. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి ఒత్తిడి మనకంటే పదో వంతు తక్కువ. కానీ చలి వల్ల గాలి చిక్కబడుతుంది. 32 డిగ్రీల నుంచి 15కి దిగితే సాంద్రత దాదాపు ఆరు శాతం పెరుగుతుంది. రెండూ కలిపితే నికరంగా తగ్గేది ఐదు శాతం. కార్బొరేటర్ మిశ్రమం సాంద్రతకు వర్గమూలంగా మారుతుంది కాబట్టి రిచ్ అయ్యేది రెండున్నర శాతమే. ఒక్క సైజు జెట్టు తేడాలో సగం. నీరసానికి అసలు కారణం ఆ ఎత్తులో ఆక్సిజన్ తక్కువ కావడం, ఎక్కుడు రోడ్డు కావడం. వారాంతం అరకు ప్రయాణానికి జెట్టు మార్చనక్కర్లేదు.

పాడ్ ఫిల్టర్ వద్దని నేను గట్టిగా చెప్పడానికి మన ఊరిదే ఇంకో కారణం ఉంది. పోర్టు బొగ్గు, ఖనిజం దుమ్ము సంగతి పాతనగరం వాళ్లకు, జ్ఞానాపురం వాళ్లకు వేరే చెప్పాలా? కిటికీ గట్టు తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది. భీమిలి రోడ్డు మీద ఇసుక, హైవే పనుల దగ్గర ఎర్రమట్టి. ఎయిర్ బాక్స్ స్నార్కెల్ మూతిని సీటు కింద, చక్రం చిమ్మే బురదకు అందని చోట పెడతారు. పాడ్ సరిగ్గా ఆ చిమ్మే దారిలో ఉంటుంది, పైగా ఇంజను పక్కనుంచి వేడిగాలి లాగుతుంది. వానలో తడిసిన పాడ్ అంటే బాబాయ్ అరచేయే, పెట్రోలు అమాంతం ఎక్కువ లాగుతుంది. ఇంజను బ్రీదర్ గొట్టం కూడా మామూలుగా ఎయిర్ బాక్స్‌లోకే వెళ్తుంది. డబ్బా తీసినవాళ్లు దాన్ని గాలికి వదిలేస్తారు, అక్కణ్ణుంచి ఆయిల్ ఆవిరి బయటికి వస్తుంది, దుమ్ము లోపలికి పోతుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. కంపెనీ ఇచ్చిన రూపం నుంచి బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. చప్పుడు, పొగ హద్దు దాటితే 190వ సెక్షన్ వర్తిస్తుంది. 2000 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చేలోపు తయారైన ఫోర్ స్ట్రోక్ బండికి పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం దాటకూడదు. ఆ పరీక్ష ఐడ్లింగ్‌లో చేస్తారు. కాబట్టి సర్టిఫికెట్ వచ్చిందంటే మీ స్లో జెట్టు మరీ రిచ్‌గా లేదనే అర్థం, మెయిన్ జెట్టు గురించి అది ఏమీ చెప్పదు.

ఇవన్నీ చూసుకున్నాక కూడా జెట్టు మార్చాలనుకుంటే, ఒకసారికి ఒక్కటే మార్చండి. ఫుల్ థ్రాటిల్‌లో వెళ్తూ థ్రాటిల్ కొద్దిగా వెనక్కి తిప్పితే బండి ముందుకు దూకినట్టయితే లీన్. ఛోక్ కాస్త లాగితే ఇంకా బాగా లాగినా లీనే. తడబడితే రిచ్. కొత్త ప్లగ్గు వేసి, ఫుల్‌లో కొంతదూరం పోయి, క్లచ్ పట్టి ఇంజను ఆపేసి, ప్లగ్గు లోపల పింగాణీ అడుగున రంగు చూడాలి. మొన మీద రంగు చూసి మోసపోవద్దు, అది ఐడ్లింగ్‌లోనూ మారుతుంది. తెల్లవారుజామున ఖాళీ రోడ్డులో, హెల్మెట్ పెట్టుకుని మాత్రమే చెయ్యండి. గాలి వీచే దిక్కు వల్ల లెక్క తప్పకుండా, టైము కొలిచేవాళ్లు వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి కొలవాలి. లీన్ కంటే కాస్త రిచ్ వైపు ఆగడం మేలు. లీన్ పిస్టన్‌ను కాలుస్తుంది, మితిమీరిన రిచ్ సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను నెమ్మదిగా కడిగేస్తుంది.

నా బండి ఇవాళ ఎయిర్ బాక్స్‌తో, స్నార్కెల్‌తో, మామూలు కాగితం ఫిల్టర్‌తో తిరుగుతోంది. ఈ20 వచ్చాక మెయిన్ జెట్టు 112.5 వేశాను, నీడిల్ కింద ఒక పలచని వాషర్, స్లో స్క్రూ రెండుంపావు చుట్లు. మొన్న బాబాయ్ ప్లగ్గు తీసి వెలుతురులో తిప్పి చూశాడు. లోపల పింగాణీ లేత బిస్కెట్ రంగులో ఉంది. ఏమీ మార్చకుండా మళ్లీ బిగించేశాడు.